పక్క సాలులో మనిషి

గద్వాల దగ్గరి గట్టు అనే ఊరి చుట్టూ ఎర్ర చెలకల్లో రెండువేల ఆరులో ఎటు చూసినా విత్తనాల కోసం వేసే సంకర పత్తే. సాయంత్రం ఆడమొక్కల మొగ్గలు ఒలిచి, గుర్తుగా ఎర్ర దారం కట్టాలి. మర్నాడు పొద్దున వాటికి మగపూల పుప్పొడి రుద్దాలి. శివశంకర్ చేన్లో ఆ పని అతని భార్య యమునది. ఆమెకు మూడో నెల.

యమున రెండో భార్య. మొదటామె శ్రీవాణి అదే చేన్లో పాము కరిచి పోయింది. అప్పుడు ఆమెకూ మూడో నెలే. పోయినామె పేరున వెండి బిళ్ళ చేయించి రెండో ఆమె పుస్తెలతాడుకు కట్టడం అక్కడి ఆనవాయితీ. కొత్త చీరైనా, తీపి వంటైనా ముందు ఆ బిళ్ళకు చూపించి, "అక్కా, నీదే" అనాలి. ఆ తర్వాతే తనది.

అది చాలదన్నట్టు అత్త హన్మమ్మ నోరొకటి. "శ్రీవాణి అయితే పొద్దుగూకేలోపల నాలుగు సాళ్లు ఒలిచేది" అనేది. బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకుని తేల్చుకోవచ్చు. పోయినదానికి వయసు రాదు, కూర మాడదు, మాట తూలదు. దానితో ఎవరు గెలుస్తారు? యమునకు ఒళ్లంతా కుళ్లు. నిద్ర పట్టేది కాదు, తిన్నది ఇమిడేది కాదు.

ఊరికి వచ్చే నర్సు ప్రేమలత బీపీ చూసి కసిరింది. "ఏంది యమునా, గింత పరేషాన్? మొదటి మూన్నెల్లు మనసు నిమ్మళంగుండాలె. గిట్లనే తినకుండ, పండుకోకుండ ఉంటే లోపలి పానానికి మంచిది గాదు." ఆ మాటతో దిగులు రెండింతలైంది. పడొద్దంటే తగ్గే దిగులు ఎక్కడైనా ఉందా?

ఆ వారమే శివశంకర్ గద్వాల నుంచి ఆకుపచ్చ నేత చీర తెచ్చాడు. యమున మురిసిపోతుంటే, "శ్రీవాణికి గీ రంగంటే పానం" అన్నాడు. మహానుభావుడు, అక్కడితో ఊరుకున్నాడు కూడా కాదు, కళ్లు తుడుచుకున్నాడు. యమున బిళ్ళకు చూపించకుండానే ఆ చీర కట్టింది. బిళ్ళను తాడు నుంచి పీకి తీసుకెళ్లి బావిలో విసిరేసింది.

"మొగడు నావోడు. కడుపు నాది. నీకేం లేదు, పో!"

మర్నాడు పొద్దుగూకే వేళ కూలీలు వెళ్లిపోయారు. చేన్లో యమున ఒక్కతే. పురుగుమందు వాసన, తడిమన్ను వాసన. గాలి లేదు. పక్క సాలులో చిట్... చిట్... మొగ్గలు ఒలుస్తున్న చప్పుడు.

"ఎవరది? ఈరమ్మా?" కూలికి వచ్చే ఈరమ్మ అనుకుంది.

 యమున ఒకటి ఒలిస్తే అక్కడ రెండు. ఆమె ఆగితే అదీ ఆగింది. మొక్కలు ఛాతీ ఎత్తే. మనిషి ఉంటే తల కనబడాలి... కనబడలేదు. యమున ఆకులు పక్కకు జరిపింది. సాలు పొడుగునా ప్రతి మొగ్గకీ ఎర్ర దారం. తను ఆ సాలులోకి అడుగే పెట్టలేదు.

 చెవి పక్కనే చల్లటి ఊపిరి...

"మస్తు అలసిపోయినవ్ చెల్లె..."

"అక్కా... తప్పైంది..."

"పండుకుంటలేవంట. తింటలేవంట. జర సేపు నేను మోస్త... నువ్వు పండుకో."

వద్దనాలనుకుంది. ఎన్నాళ్ల నిద్రో ఒక్కసారిగా కళ్ల మీద పడింది. సరేనని తల ఊపింది.

శివశంకర్ వెతుక్కుంటూ వచ్చేసరికి ఆమె సాలు మధ్య హాయిగా నిద్రపోతోంది.

ఆ రోజు నుంచి వాంతుల్లేవు. ఆకలి బాగా వేసేది. అత్త శ్రీవాణిని పొగిడితే తనూ నవ్వేది. "గిట్లుండాలె!" అని ప్రేమలత సంబరపడింది. యమునకే ఏదో వెలితి. కడుపు గురించి ఎవరైనా అడిగితే, పొరుగమ్మ గురించి అడుగుతున్నట్టు ఉండేది.

నాలుగో నెల నిండాక గద్వాలలో డాక్టరమ్మకు చూపించారు. ఆమె పొట్ట మీద జిగురు రాసి చిన్న మిషన్ ఆనించింది. గది నిండా గుండె చప్పుడు, గబగబా కొట్టుకుంటూ. యమునకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లకు మళ్లీ ప్రేమ పొంగుకొచ్చింది.

"నా బిడ్డ..." అంది.

డాక్టరమ్మ నవ్వి, మిషన్ పైకెత్తి, ఆపేసి బల్ల మీద పెట్టింది.

చప్పుడు ఆగలేదు.

డాక్టరమ్మ మిషన్‌ను తిప్పి చూసింది. వైరు పీకేసింది. అయినా చప్పుడు అలాగే... మంచం పక్కన, నిలబడ్డ మనిషి కడుపంత ఎత్తులో. అక్కడ ఎవరూ లేరు.

యమున చెయ్యి చాచింది. "అక్కా... ఇగ మోసింది సాలు... నా బిడ్డను నాకిచ్చెయ్..."

చప్పుడు మెల్లగా జరిగింది. తలుపు దాటింది.

బయట వరండాలో చూపించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు వరసగా నేల మీద కూర్చుని ఉన్నారు. మాటల్లో ఉండి ఎవరూ తలెత్తలేదు. ఒక్కొక్కరే కాళ్లు ముడుచుకుని, ఎవరికో దారిచ్చారు.