మూడో ముక్క చివరి పేజీ

నికెన్ తల దించుకుని కూర్చోవడం వరుసగా ఇది మూడో శనివారం.

సెనో లెక్క ప్రకారం దానికి ఒకటే అర్థం. ఒక అమ్మాయి ఎదురుగా కూర్చుని, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మాటిమాటికీ నేలచూపులు చూస్తోందంటే అది సిగ్గు కాక మరేమిటి? స్నేహితుడు గిలాంగ్ కూడా అదే అన్నాడు. గిలాంగ్ మాటల్లో సగం కోతలేనని అందరికీ తెలుసు. కానీ మనకు కావలసిన మాట ఎవరు చెప్పినా తియ్యగానే ఉంటుంది.

ఇండోనేషియాలోని జోగ్జా ఊళ్లో, స్టేషన్ వెనక వీధిలో, పాక్ కార్తో అనే పెద్దాయన టీ బండి పక్కన పరిచిన చాపలే సెనో, నికెన్, గిలాంగ్‌లతో కలిపి ఆరుగురు మిత్రుల లైబ్రరీ. చెప్పులు చాప బయట వదిలేసి, పిడికెడన్నం పొట్లాలు విప్పుకుని, అల్లం టీ తాగుతూ పుస్తకాలు పంచుకునేవారు. కథలు కావు. మెదడు ఎలా మరిచిపోతుంది, గుండె ఎందుకు లయ తప్పుతుంది, అలాంటివి. ఈసారిది ఒక డాక్టరు రాసిన లావుపాటి పుస్తకం, మూడు వందల ఎనభై నాలుగు పేజీలు. తలా ఒక కాపీ కొనే స్తోమత లేదు. ఒకే కాపీ అయితే ఆఖరివాడి వంతు వచ్చేదాకా ఆగే ఓపిక లేదు. అందుకని ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసే సెనో దాన్ని కటింగ్ మెషిన్ కింద పెట్టి ఆరు ముక్కలు చేశాడు. ఒక్కోదానికి నీలం అట్ట వేసి కుట్టాడు. అధ్యాయం ఎక్కడ ముగుస్తోందో చూడకుండా అరవై నాలుగేసి పేజీలు లెక్కపెట్టి కోసేశాడు మహానుభావుడు.

ముక్కలు నెలకోసారి చేతులు మారతాయి. తన వంతు రాకముందే పక్కవాళ్ల ముక్కలో ఏముందో అడగకూడదు. ఆ రూల్ పెట్టింది నికెనే. ఈ నెల మూడో ముక్క ఆమెది, నాలుగోది సెనోది.

ఆ సాయంత్రం వాన దంచికొట్టింది. మిగతావాళ్లు తలోదిక్కుకూ పరిగెత్తారు. టార్పాలిన్ కింద ఇద్దరే మిగిలారు. ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదనుకున్నాడు సెనో.

"నికెన్, నువ్వు చెప్పలేకపోతున్నదేంటో నాకు తెలుసు," అన్నాడు.

ఆమె తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సంతోషమే అనుకున్నాడు పిచ్చివాడు.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"మొదటి శనివారం నుంచే."

"తెలిసీ ఇలా టీ తాగుతూ కూర్చున్నారా? డాక్టర్ దగ్గరికి వెళ్లలేదా, మాస్ సెనో?"

"డాక్టరెందుకు?"

"మీ కాలి బొటనవేలు చూపించుకోడానికి."

సెనో తన కాలివైపు చూసుకున్నాడు. గోటి కింద నల్లబియ్యపు గింజంత మచ్చ. రోజంతా బూట్లలో ఉండే కాలిని ఎవరు చూసుకుంటారు? ఈ నెలలో దాన్ని శ్రద్ధగా చూసిన మనిషి ఒక్క నికెనే. అంటే ఆమె సిగ్గుపడింది తనను చూసి కాదు. అసలు సిగ్గే పడలేదు.

ఆమె సంచీలోంచి మూడో ముక్క తీసి చివరి పేజీ చదివింది. గోటి కింద నల్లమచ్చ ఒక్కోసారి క్యాన్సర్ కావచ్చు, నొప్పి ఉండదు కాబట్టి చాలామంది పట్టించుకోరు అని ఉంది. ఆఖరి వాక్యం "అలాంటి మచ్చ కనిపించిన మనిషి" దగ్గర తెగిపోయింది.

"మనిషి ఏం చెయ్యాలి?" అన్నాడు సెనో.

"మిగతాది మీ ముక్కలోనే కదా ఉంది. చదివి కూడా నవ్వుతున్నారంటే ఎంత గుండె నిబ్బరమో అనుకున్నా. రూల్ నాదే, ఎలా అడగను?"

సెనో అసలు చదివితే కదా. నాలుగో ముక్క మొదటి మూడు పేజీలు తలలేని మొండెంలా ఉన్నాయని వదిలేసి, కొత్త అధ్యాయం నుంచి చదివాడు. ఆ ముక్క ఇప్పుడు ప్రెస్‌లో ఉంది. ప్రెస్ మళ్లీ తెరిచేది సోమవారం.

"సోమవారం పొద్దున్న నేనూ వస్తా," అంది నికెన్. "నువ్వొక్కడివే వెళ్తే డాక్టర్ చెప్పింది కూడా సగమే వింటావ్, సెనో."

ఇంటికి వెళ్లాక గానీ అతనికి వెలగలేదు. నువ్వు అంది. అన్నగారూ అన్నట్టు మర్యాదకి తగిలించే 'మాస్' అనలేదు. భయపడుతున్న మనిషికి అంత ఆనందం ఎక్కణ్నుంచి వచ్చిందో అతనికే అర్థం కాలేదు.

సోమవారం హెల్త్ సెంటర్‌లో డాక్టరమ్మ భూతద్దంతో గోటిని చాలాసేపు చూసింది. నికెన్ కూడా పక్కనే వంగి చూసింది.

"ఈ మధ్య దీని మీద ఏదైనా పడిందా?"

సెనో చెవులు ఎర్రబడ్డాయి. రెండు రోజుల భయంలో తట్టని సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాలంటే నికెన్ ముందే చెప్పాలి.

"కాగితాలు కదలకుండా పైన పెట్టే ఇనుప దిమ్మ పడింది," అన్నాడు. "పుస్తకం కోసిన రోజు. ఈ అమ్మాయి చూడ్డానికి ప్రెస్‌కి వచ్చింది. నేను దిమ్మని కాకుండా ఈమెని చూస్తున్నా."

నికెన్ అతని వైపు తిరిగింది. "నొప్పేం లేదన్నావ్. నవ్వావ్ కూడా."

"నువ్వున్నావని నవ్వా. నువ్వు వెళ్లాక ఏడ్చా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని, రక్తం గడ్డకట్టినట్టే ఉందని, గోరు పెరిగేకొద్దీ మచ్చ ముందుకు జరగాలని చెప్పింది. రెండు నెలల్లో జరగకపోతే మళ్లీ రమ్మంది. చూపించుకోవడం మాత్రం మంచి పనేనంది.

అక్కణ్నుంచి తిన్నగా ప్రెస్‌కి వెళ్లారు. నికెన్ డ్రాయర్ లాగి నాలుగో ముక్క తెరిచింది. మొదటి వాక్యమే అది: "ముందుగా ఆ వేలి మీద ఇటీవల ఏదైనా బరువు పడిందేమో గుర్తు చేసుకుని, తరువాత వైద్యునికి చూపించుకోవాలి."

ఆమె ఆ ముక్కతోనే అతని భుజం మీద ఒక్కటి వేసింది.

"మూడు వారాలు నాకు ముద్ద దిగలేదు. జవాబేమో నీ డ్రాయర్‌లో పడుంది. నీకేమైనా అయితే నేను..."

అక్కడ ఆగిపోయింది. ఈసారి మిగతా సగం ఏ ముక్కలో ఉందో సెనో వెతకక్కర్లేకపోయింది. తను కూడా ఆమెను చూసిన రోజునుంచీ అలాగే ఉన్నానని చెప్పేశాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం చాప మీద అదొక తతంగం. నికెన్ తను పనిచేసే కళ్లద్దాల షాపునుంచి కళ్ల మధ్య దూరం కొలిచే చిన్న స్కేలు తెచ్చి గోటికి ఆనించేది. మిత్రులు చేసిన వేళాకోళానికి అంతులేదు. ఎనిమిదో శనివారం మచ్చ మూడు మిల్లీమీటర్లు ముందుకు జరిగి ఉంది. వెనక గులాబీరంగు గోరు కనబడింది. నికెన్ స్కేలు పక్కన పెట్టి, అందరి ముందూ ఏడ్చేసింది. ఆ రోజు గిలాంగ్ కూడా వేళాకోళం మాని ఆమె ముందుకి టీ గ్లాసు జరిపాడు.

కన్నీళ్లు తుడుచుకుని, ఆ నెల అవి ఉన్నవాళ్ల దగ్గర తీసుకుని మూడో ముక్కనీ నాలుగో ముక్కనీ సెనో ఒళ్లో పడేసింది.

"ఈ రెండూ కలిపి కుట్టు."

"ఆరుగురం ఉన్నాం. ఐదు ముక్కలే అయితే ఎలా?"

"ఐదు చాలు. మనిద్దరం ఒక్కటే చదువుదాం."

సోమవారం ప్రెస్‌లో ఆ రెంటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి, సెనో ఇనుప దిమ్మ పైకెత్తాడు. ఎదురుగా నికెన్ నిలబడి ఉంది.

"దిమ్మని చూడు, నన్ను కాదు," అంది.

అతను ఆమెనే చూశాడు. ఈసారి దిమ్మకి రెండోవైపు ఆమె చెయ్యి వేసింది.