ఓడినవాళ్ళ విస్తరి

కుంభగిరి రాజ్యంలో పూర్వం ఒక వేడుక ఉండేది. నూర్పిళ్ళు అయిపోగానే ఊరూరా కాలిబంతి జట్లు కట్టేవారు. దూది కూరి, తోలు చుట్టి కుట్టిన బంతిని కాళ్ళతో తన్నుతూ ఎదుటి జట్టు వాకిలి దాటించాలి. రెండు రాతి స్తంభాల మధ్య జాగానే వాకిలి. ఒక్కసారి ఓడితే ఆ జట్టుకు ఆ ఏటికి ఆట సరి. గెలిచినవాళ్ళు గెలిచినవాళ్ళతో తలపడుతూ పోగా చివరికి మిగిలిన జట్టుకు బంగారు జయపాత్ర దక్కేది.

ఆటతోపాటు ఒక ఆచారమూ ఉండేది. ఆట ముగియగానే గెలిచినవాళ్ళు విస్తళ్ళు పరిచి, ఓడినవాళ్ళను కూర్చోబెట్టి, తమ చేతులతో వడ్డించాలి. వాళ్ళు తిన్నాకే తాము తినాలి. అంత దూరం వచ్చి ఓడినవాళ్ళు ఉత్త కడుపుతో ఇంటిదారి పట్టకూడదని ఏ పుణ్యాత్ముడో పెట్టిన ఆచారం అది.

ప్రచండసేనుడు రాజయ్యాక అది పోయింది. ఆ ఏడు చివరి ఆటలో కోటజట్టు కొండజట్టును ఓడించింది. ఆ గర్వంతో రాజు, ఓడినవాళ్ళకు విందేమిటన్నాడు. ఇకమీదట వాళ్ళకు మెతుకు పెట్టినవాళ్ళకు కొరడా దెబ్బలని చాటింపు వేయించాడు. కొండజట్టు వానలో తడుస్తూ ఆకలితో వెళ్ళిపోయింది. దాని నాయకుడు కాటన్న ఇంటికి చేరనే లేదు.

మరుసటి ఏటికి కోటలో జయపాత్ర మాయమైంది. కారడవికి అవతల జఠరాసురుడనే రాక్షసుడు దాన్ని పెట్టుకుని కూర్చున్నాడు. ఏటేటా రాజ్యంలో గెలిచిన జట్టు వచ్చి తనతో ఆడాలని కబురు పెట్టాడు. తనను గెలిస్తే పాత్ర ఇస్తాడు, ఓడితే రాళ్ళుగా మార్చేస్తాడు. అసలు ఎవరూ రాకపోతే తానే రాజ్యం మీద పడతాడు.

దాంతో ఆట తలకిందులైంది. జట్లన్నీ ఓడిపోవడానికి పోటీపడసాగాయి. ఎవరి వాకిట్లో వాళ్ళే బంతి వేసుకుని, చంకలు గుద్దుకుంటూ ఇంటికి పరిగెత్తేవారు. ఓడటం చేతకాని జట్టు ఏడుస్తూ అడవికి వెళ్ళేది.

కిందటేడు అలా వెళ్ళింది వెదురుమిట్ట జట్టు. దాని నాయకుడు చెన్నడు మాత్రం ఏడవలేదు, తిరిగి రానూ లేదు. అతడి చెల్లెలు నాంచారి బుట్టలల్లుతూనే ఏడాదంతా బంతి తన్నడం నేర్చుకుంది. నూర్పిళ్ళు కాగానే ఊళ్ళో ఆడపిల్లలనూ మగపిల్లలనూ కలిపి జట్టు కట్టింది.

వాకిలి కాసే ఓబులు బొద్దు మనిషి, నోరు ఊరుకోదు. "అందరూ ఓడదామని వస్తుంటే మనమేంటే నాంచారీ, గెలుస్తామని బయల్దేరాం?" అన్నాడు.

"మా అన్న అక్కడ రాయై నిలబడి ఉన్నాడు. గెలవనిదే అక్కడికి పంపరు. అందుకని."

మొదటి ఆటలో ఎదుటి జట్టువాళ్ళు మొదలుపెట్టగానే బంతిని తమ వాకిలివైపే తన్నారు. నాంచారి వెంటపడి, దాన్ని స్తంభాల ముందే ఆపి, వాళ్ళ కాళ్ళ దగ్గరికే తిరిగి తోసింది. ఊరికే వచ్చిన గెలుపుతో తమ కాళ్ళకు ఆట రాదని, బుద్ధిగా ఆడమని గదిమింది. వాళ్ళు సిగ్గుపడి ఆడారు, నిజంగానే ఓడారు. అప్పుడామె మోదుగాకుల విస్తళ్ళు పరిచి, సంకటి పెట్టి, పులుసు పోయసాగింది.

ఊరివాళ్ళు బెదిరిపోయారు. కొరడా పట్టుకుని, రాజుగారి సేనను నడిపే దళవాయి తిమ్మరాయుడు గుర్రం దిగాడు. రాజాజ్ఞ తెలీదా అని ఉరిమాడు.

"తెలుసండి. కొడుదురు గాని, వడ్డన అయ్యేదాకా ఆగండి. చేతిలో వేడి పులుసుంది" అంది నాంచారి, తల ఎత్తకుండానే.

దళవాయి ఆగాడు. చాలా కాలానికి మైదానంలో మనుషులు కడుపునిండా తింటుంటే చూస్తూ నిలబడ్డాడు. వడ్డన అయ్యాక కొరడాతో నేలను గట్టిగా కొట్టి, శిక్ష వేశానని రాజుకు చెప్పడానికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు ప్రతి ఆటా అలాగే సాగింది. వెదురుమిట్ట గెలిచింది, వడ్డించింది, నేల దెబ్బలు తింది. ఒక్క జట్టూ మిగలకుండా గెలిచాక, పేలపిండి, బెల్లం మూటలు ఓబులు నెత్తిన పెట్టి నాంచారి అడవిలో అడుగుపెట్టింది.

ఇరుకు కనుమలో ఎలుగుబంట్ల జట్టు అడ్డం నిలిచింది. ఆడి గెలిస్తేనే దారి ఇస్తామంది. వాటి భుజాలకు ఎదురెళితే ఎముకలు మిగలవు. అందుకే నాంచారి జట్టు బంతిని ఒకరినుంచి ఒకరికి పంపుతూ ఎండ ఎక్కేదాకా వాటిని పరిగెత్తించింది. అవి రొప్పుతూ కూలబడ్డాక మెల్లగా వాకిలి దాటించింది. అక్కడా విస్తళ్ళు పరిచారు. ఎలుగులు బెల్లంతోపాటు ఆకులు కూడా నమిలేస్తుంటే ఓబులు మూట వంక చూసి ఉసూరుమన్నాడు.

వాగు దగ్గర గాలిభూతాలు ఎదురయ్యాయి. బంతిని తన్నిన ప్రతిసారీ ఆకాశానికి ఎగరేసుకుపోయాయి. నాంచారి బంతిని వాగులో నానబెట్టింది. నీళ్ళు తాగి బరువెక్కిన దూదిని గాలి ఎత్తలేకపోయింది. అవీ ఓడాయి. చిటికెడు పిండి విస్తరి మీద పెడితే, ఎన్నాళ్ళకో తమకూ ఆకు వేశారని మురిసి, చల్లటి గాలై జట్టు వెంట కొంతదూరం వచ్చాయి.

వాగు ఒడ్డున జపం చేసుకుంటున్న ముని ఇదంతా చూశాడు. రాక్షసుణ్ణి గెలవడానికి మంత్రమేమైనా చెప్పమని నాంచారి అడిగింది.

"మంత్రం లేదమ్మా. ఓడించాక మాత్రం వెంటనే వెనుదిరగకు. ఆట అక్కడితో అయిపోదు" అన్నాడాయన.

జఠరాసురుడి మైదానం చుట్టూ రాతి మనుషులే. వాకిలికి ఒక స్తంభంగా చెన్నడు నిలబడి ఉన్నాడు. నాంచారి దగ్గరికెళ్ళి అన్న రాతి పాదం మీద దుమ్ము పైటకొంగుతో తుడిచింది. అంతలో తాటిచెట్టంత రాక్షసుడు వచ్చాడు. వస్తూ కొమ్మనున్న మామిడిపండు కోశాడు. నోటికి చేరేలోపే అది అతడి చేతిలో రాయైంది. విసుగ్గా విసిరేశాడు.

"మీ అందరికీ నేనొక్కణ్ణే. ముందు బంతి దాటించినవాళ్ళదే గెలుపు" అన్నాడు.

అతడు రెండడుగులు వేస్తే మైదానం అయిపోయేది. ఎటు తన్నినా కాలు అడ్డం వచ్చేది. అతడు తన్నిన బంతికి ఓబులు తన పొట్ట అడ్డం వేసి పల్టీలు కొట్టాడు, వాకిలి మాత్రం వదల్లేదు. నాంచారి మాత్రం రాక్షసుణ్ణి కనిపెట్టి చూస్తోంది. ఉండుండి అతడి కడుపులో బండలు దొర్లినట్టు చప్పుడయ్యేది. అప్పుడల్లా పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయేవాడు. మళ్ళీ ఆ చప్పుడు వినిపించగానే ఆమె బంతిని నేలబారుగా, వంగిన కాళ్ళ మధ్య నుంచి కొట్టింది. అది చెన్నడి పాదం పక్కగా దొర్లి వాకిలి దాటింది.

రాక్షసుడు జయపాత్ర తెచ్చి నేలమీద పెట్టి తిరిగి నడిచాడు. కాని రాళ్ళు రాళ్ళుగానే ఉన్నాయి.

అప్పుడే, జట్టు అడుగుజాడలు పట్టుకుని వచ్చిన ప్రచండసేనుడు చెట్ల చాటునుంచి సైన్యంతో బయటికి వచ్చాడు. పాత్రను ఎత్తుకుని, రాక్షసుణ్ణి ఈటెలతో పొడవమని ఆజ్ఞాపించాడు. నాంచారి అది వినిపించుకోలేదు. ముని మాట, రాయైన మామిడిపండు, ఆ కడుపు చప్పుడు, ఈ మూడూ ఆమె మనసులో ఒకదాని పక్కన ఒకటి నిలిచాయి. ఓబులు చేతిలోంచి మూట లాక్కుని, ఈటెల ముందే చతికిలబడి విస్తరి పరిచింది. మిగిలిన పిండంతా బెల్లంతో కలిపి ముద్ద చేసి ఆకులో పెట్టింది.

"ఓడినవాడికి పెట్టకూడదని నా ఆజ్ఞ" అన్నాడు రాజు.

"ఆ ఆజ్ఞ వల్లే కదయ్యా ఇదంతా" అని, ఆమె రాక్షసుడి వైపు తిరిగింది. "నిన్ను క్షమించానని అనుకోకు. మా అన్నను రాయిని చేశావు. కాని ఓడావు, ఆకు వేశాను. కూర్చో. తిను."

రాజు మళ్ళీ అరిచాడు. తిమ్మరాయుడు ముందు తన ఈటె కింద పెట్టాడు. వెనక ఒక్కొక్కటే ఈటెలన్నీ నేలకు దిగాయి.

రాక్షసుడు కూర్చున్నాడు. ముద్ద ఎత్తాడు. అది రాయి కాలేదు. నమిలిన కొద్దీ అతడు కుంచించుకుపోయాడు. ఆకు ఖాళీ అయ్యేసరికి వానలో తడిసి వెళ్ళిపోయిన కొండజట్టు నాయకుడు కాటన్న అక్కడ కూర్చుని ఉన్నాడు. ఈ రాజ్యంలో తనకు ఆకు పడేదాకా తన చేయి తగిలిన మనిషీ తిండీ రాయి కావాలని ఆ వానలో శపించుకున్నానని, ఆ శాపం ముందు తననే రాక్షసుణ్ణి చేసి ఆకలితో కాల్చిందని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

చుట్టూ రాతి మనుషులందరికీ ప్రాణం వచ్చింది. వాకిలి దగ్గరా కదలిక వినిపించింది. "ఇంకా కొంచెం ఎడమకి కొట్టి ఉంటే నా కాలు విరిగేదే పిల్లా" అన్నాడు చెన్నడు. నాంచారి అప్పుడు ఏడ్చింది.

తిమ్మరాయుడు రాజు చేతిలోంచి పాత్ర తీసుకుని ఆమెకు ఇచ్చాడు. ప్రజలు ఆమెనే ఆటకు అధికారిణిని చేశారు. ఆమె మొదట రద్దుచేసింది ఆ చాటింపునే.

మరుసటి ఏడు జట్లన్నీ గెలవడానికే ఆడాయి. మొదటి ఆటలోనే కాటన్న జట్టు చేతిలో కోటజట్టు ఓడింది. రాజు మొహం ముడుచుకుని పల్లకీ ఎక్కబోయాడు. కాటన్న అడ్డం వెళ్ళి, రాజుగారికీ ఆకు వేశానని, చల్లారిపోతుందని చెప్పాడు. ప్రచండసేనుడు పల్లకీని పక్కకు పంపేసి, ఓడినవాళ్ళ వరసలో కూర్చున్నాడు. విస్తరి నాకినంత శుభ్రంగా తిన్నాడు. పులుసులో ఉప్పు తగ్గిందని మాత్రం అన్నాడు.

కాటన్న ఉప్పు తెచ్చి వడ్డించాడు.