సమీర్ అంటే గాలి కాదు

“మేడం, గీ డైలాగ్ నేను చెప్ప.”

ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో, అద్దం అవతల మైకు ముందు నిలబడి సమీర్ మొండికేశాడు. ఇవతల సౌండ్ ఇంజనీర్ పృథ్వీరాజ్ పక్కన కూర్చున్న శ్రీనిధికి ఒళ్లు మండింది. ఆ మాట రాసింది ఆమే మరి.

సినిమాలో అతను గొంతు ఇస్తున్న హీరో పేరు కూడా సమీరే. “నా పేరుకి అర్థం గాలి. గాలి ఎక్కడా ఆగదు” అని హీరోయిన్‌తో అనాలి.

“ఎందుకు చెప్పరు? సమీరుడంటే వాయుదేవుడు. నిఘంటువు చూసుకోండి.”

“నిఘంటువు మీది. పేరు నాది.”

వారం కిందట ఇతనే టీ కప్పు చేతికిచ్చి, “పెండ్లి చేసుకుందామా?” అని అడిగాడు. ఆమె ఇంతవరకూ జవాబు చెప్పలేదు. రేపు అతను నెల రోజుల పని మీద ముంబై వెళ్తున్నాడు. ఆమె చిన్నప్పుడు అవుట్‌డోర్ షూటింగ్‌కని వెళ్లిన నాన్న అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. అప్పట్నుంచీ సూట్‌కేసు సర్దే మనిషిని చూస్తే శ్రీనిధికి గుండెదడ. ఆ దడే ఈ డైలాగ్ రాయించింది.

“మరి మీ పేరుకి అర్థమేంటో సెలవివ్వండి!”

“మా అమ్మ గాలి అనుకునే పెట్టింది. పక్కింటి ఖాదర్ చాచా ఉర్దూ సారు. అరబ్బీల సమీర్ అంటే పక్కన కూసొని ముచ్చట్లు చెప్పే దోస్తు అన్నడు. అంటే తోడు.”

“రెండిట్లో మీరేది?”

“గది మీరే చెప్పాలె. రాసేది మీరే గద!”

పృథ్వీరాజ్ దగ్గాడు. శ్రీనిధి నవ్వు ఆపుకుంటూ ఆ సీన్ మళ్లీ వేయించింది. హీరో పెదాలనే చూసింది. ‘గాలి’ అన్నా ‘తోడు’ అన్నా పెదాలు మూతపడవు. కాగితం మీద గాలిని రెండుచోట్ల కొట్టేసి తోడు అని రాసింది. మిగతాది ముట్టుకోకుండా కాగితం లోపలికి పంపింది.

సమీర్ చదువుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“నా పేరుకి అర్థం తోడు. తోడు ఎక్కడా ఆగదు.”

తెరని చూస్తూ చెప్పాల్సిన మాట అద్దంలోంచి ఆమెనే చూస్తూ చెప్పాడు. అయినా హీరో పెదాలకి అతికినట్టు సరిపోయింది.

శ్రీనిధి మైకు బటన్ నొక్కింది.

“టేక్ ఓకే. ముంబై వెళ్లి రండి. ఈలోగా మా అమ్మతో నేను మాట్లాడతాను. పెళ్లికి నాకు ఇష్టమే.”

“మేడం, జర మెల్లగ! బయట స్పీకర్ల అందరూ వింటున్నరు.”

“విననివ్వండి సమీర్ గారూ! సాక్షులు ఉండొద్దూ?”

కారిడార్లో తమ వంతు కోసం కూర్చున్న ఆర్టిస్టులంతా లేచి కొట్టిన చప్పట్లకు, ఈలలకు థియేటర్ దద్దరిల్లిపోయింది.