రంగు పూయని మొహం

ఆ స్టూడియోలో వెనక వరండా చివరి మేకప్ గది మంచిది కాదని అక్కడ పనిచేసేవాళ్ళంతా చెప్పుకునేవారు. పగలంతా తాళం. చీకటి పడ్డాక లోపల దీపం వెలుగుతుంది... ఎవరో కాలీడ్చుకుంటూ నడుస్తారు. లైట్‌మన్ ఒకాయన కిటికీ సందులోంచి తొంగిచూసి, మూడు రోజులు జ్వరంతో మంచమెక్కాడు. ఏం చూశావయ్యా అంటే, "అక్కే... కానీ అక్క కాదు" అన్నాడట.

అక్క అంటే దెయ్యాల అక్క. పదకొండు సినిమాల్లో దెయ్యంగా వేసిన మనిషి. ఇంకొకరికైతే గంటలకొద్దీ రంగులు పూయాలి, కోరలు తగిలించాలి. ఆవిడకి అవేమీ అక్కర్లేదు. ఉత్త మొహంతో, ఎడమకాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేసి, మెల్లగా తల తిప్పి చూస్తే చాలు — హాల్లో పిల్లలు అమ్మల ఒళ్ళో దూరేవారు. తెర దిగితే మాత్రం ఒకటే నవ్వులు, వేళాకోళాలు.

లైట్‌మన్ సంగతి విని పడీపడీ నవ్వింది. "నాకు లేని వేషాలు నా దెయ్యానికి దొరుకుతున్నాయన్నమాట!"

నవ్విందేగానీ, ఆ మాట ఆవిడకే గుచ్చుకుంది. ఏడాదిగా చేతిలో సినిమా లేదు. పన్నెండోది తీద్దామని ప్రొడ్యూసరే పిలిచి, మాస్కు కోసమని ఆవిడ మొహానికి అచ్చు కూడా తీయించాడు. నెల తిరక్కుండానే, "జనానికి దెయ్యాలంటే విసుగొచ్చిందమ్మా, ఆపేశాం" అన్నాడు. అప్పట్నుంచీ వేరేవాళ్ళ సినిమాలకి మూలుగులూ కేకలూ డబ్బింగ్ చెబుతోంది.

ఇంట్లో అమ్మ, చెల్లి. నాన్న పోయినప్పట్నుంచీ ఇద్దరినీ చూసుకునేది ఆవిడే. చెల్లికీ నటనంటే సరదా. "ఆ నడక నాకూ నేర్పవా అక్కా" అని వెంటపడితే, ముందు గదిలో కుర్చీలు జరిపి మరీ నెల్లాళ్ళు నేర్పింది. "కాలు ఈడ్చకే. ఆ కాలు నీది కాదనుకో... అదే వెనకాల వస్తుంది."

ఒకరోజు డబ్బింగ్ ముగిసేసరికి రాత్రి పదకొండు దాటింది. ముందు గేటు మూసేశారు. వెనక గేటుకి పోవాలంటే ఆ వరండాయే దారి.

గదిలో దీపం వెలుగుతోంది.

ఆవిడ ఆగింది. దెయ్యాన్ని ఎలా తయారుచేస్తారో ఆవిడకి తెలియదా — కాస్త జిగురు, కాస్త రబ్బరు, ఓ నీలం లైటు. ఎవరో దొంగచాటుగా పేకాడుకుంటున్నారు కాబోలనుకుని తలుపు తోసింది.

ఎదురుగా... తనే.

తన నుదురే. కనుబొమ్మ పక్కన చిన్నప్పటి ఆటలమ్మ మచ్చ. ఓ పక్కకి లాగినట్టుండే కింది పెదవి. ఆ మొహం మెల్లగా తల తిప్పింది. ఒక్కడుగు... ఇంకో అడుగు... ఎడమకాలు దానంతటదే వెనకాల వస్తోంది.

లోకాన్ని భయపెట్టిన మనిషి ఓ అడుగు వెనక్కి వేసింది.

పెదవులు కదపకుండానే ఆ మొహం గుసగుసగా పిలిచింది.

"అక్కా..."

రెండు చేతులు పైకి లేచాయి. గడ్డం కింద గోళ్ళు దూర్చి లాగాయి. మొహం తోలులా ఊడొచ్చింది. దాని కింద... చెమటకి తడిసిపోయిన చెల్లి మొహం.

అద్దం పక్కన మేకప్ బాబాయ్ నిలబడి ఉన్నాడు, చేతిలో కుంచెతో. సొంత బాబాయ్ కాడు. కానీ మొదటి సినిమా నుంచీ, చెమట అద్దడానికైనా సరే, ఆవిడ మొహాన్ని వేరేవాళ్ళ చేతికి ఇవ్వని మనిషి.

"సినిమా ఆపేశారన్నారుగా బాబాయ్?"

ఆయన కుంచె తుడవసాగాడు. "దూకడాలు, ఎగరడాలు నీ నడుం ఓర్చుకోదన్నారు తల్లీ. నీ మొహం ఉంటే చాలట... మనిషి ఎవరైనా ఫరవాలేదట. మూడు నెలల్నుంచి ఇక్కడే సాధన చేయిస్తున్నాం" అన్నాడు.

"నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

"చెబితే... ఒప్పుకునేదానివా?"

ఆవిడ చెల్లి వైపు తిరిగింది. "నడక నేర్పమన్నది ఇందుకా?"

చెల్లి వెక్కుతోంది. "నువ్వెలాగూ మానేశావుగా అని..."

"నేను మానలేదే. మాన్పించారు." చెల్లి చేతిలోని మొహం వైపు వేలు చూపింది. "పొద్దున్నే అమ్మకి ఏమని చెప్పను? నీ చిన్నకూతురు నా మొహం తొడుక్కుని తిరుగుతోందనా? ఆవిడ గుండె ఆగిపోతుందే!"

చెల్లి ఏదో చెప్పబోయింది. బాబాయ్ వైపు చూసి, తల దించేసుకుంది.

ఆవిడ వెనక్కి తిరిగింది. వరండా దాటి, వెనక గేటు తోసుకుని బయటపడింది. వీధి నిర్మానుష్యంగా ఉంది. గోడ వారగా ఒక కారు... లైట్లు ఆర్పేసి ఉంది. ఆవిడ దగ్గరికి రాగానే వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకుంది.

చీకట్లో ఎవరో పక్కకి జరిగి చోటిచ్చారు.

"తొందరగా ఎక్కవే," గుసగుసగా అంది ఆ గొంతు. "అక్క వచ్చే వేళయింది. అదొచ్చేసరికి మనం పడుకుని ఉండాలి."

అమ్మ.

ఆవిడ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వీధిదీపం వెలుగు మొహం మీద పడుతోంది. అమ్మ తలెత్తి చూసింది... ఒళ్ళు జలదరించి, శాలువా దగ్గరికి లాక్కుంది.

"మొహం తీయకుండానే వచ్చేశావేమే? ముందది తీసెయ్ తల్లీ... చూస్తుంటే భయమేస్తోంది."

ఆవిడ మెల్లగా కారులోకి వంగింది.

"ఇది ఊడదమ్మా," అంది.