ఎల్సీ కుర్చీలో ఒక టేక్

మా సీరియల్‌లో ప్రతి భాగమూ వేరే కథ. మనుషులు వేరు, ఇల్లు వేరు. చావు మాత్రం తప్పదు, దాని మీద జోకులూ తప్పవు. ఆ వారం కథ అంత్యక్రియల తర్వాత వచ్చినవాళ్ళకు పెట్టే టీ విందు. ఇంగ్లండులోని మా యార్క్‌షైర్‌లో పోయినవాళ్ళను హామ్ అనే ఉప్పు పట్టించిన పందిమాంసం ముక్కలతో సాగనంపకపోతే పరువు పోయినట్టే. బల్ల మీది హామ్ పోయినావిడ ఒంటి మాంసమేనని కథ చివర్లో తెలుస్తుంది. రాసినవాడికి ఏం రోగమో.

నా పని కంటిన్యుటీ చూడటం. ఒక టేక్‌లో ఎడమచేత్తో కప్పు పట్టుకున్నవాడు తర్వాతి టేక్‌లో కుడిచేత్తో పట్టుకోకూడదు. పోయిన ఏడాది నా కళ్ళుగప్పి ఒక శవం వాచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మారింది. దేశమంతా నవ్వింది, నన్ను ఇంటికి పంపేశారు. ఈ ఒక్క భాగానికి మళ్ళీ పిలిచారు. ఇది కూడా చెడితే ఈ యాభై తొమ్మిదేళ్ళ గ్లెనిస్‌ను ఇంకెవరూ పిలవరు. పైగా కింది దవడలో ఒక పన్ను చీము పట్టి, పది రోజులుగా సూపు తప్ప ఏదీ దిగడం లేదు.

హాలిఫాక్స్ దగ్గర ఒక ఖాళీ ఇల్లు ఒక్కరోజుకి తీసుకున్నారు. తాళం తెచ్చిన పక్కింటి బ్రెండా ఊరుకోకుండా కథంతా చెప్పింది. ఆ ఇంటావిడ ఎల్సీకి ఒక్క పన్నూ లేదట. కట్టుడు పళ్ళు పెట్టుకుంటే వాంతి వచ్చేదట. భర్త వాల్టర్ బుగ్గన ఎప్పుడూ పిప్పరమెంటు బిళ్ళ ఉండేదట. ఆ నోటితోనే ముద్ద నమిలి, చెంచాతో ఆమెకు పెట్టేవాడట.

"ఆయన పోయాక ఇంకెవరు పెడతారమ్మా?" అంది బ్రెండా. "ఆ కిటికీ పక్క కుర్చీలోనే... నోరు తెరుచుకునే పోయింది."

నేను తాళం అందుకుని లోపలికి నడిచాను.

బయట పగలు పదకొండు. కిటికీలకు నల్లగుడ్డ కొట్టి లోపల రాత్రి చేశారు. తడిసిన గోడల వాసన, లైట్ల వేడికి చెమర్చిన హామ్ వాసన. పళ్ళాలు సర్దుతూ కిటికీ పక్క కుర్చీ దగ్గరికి వచ్చేసరికి నోరు జారాను. మా అమ్మ ఏ చావింట్లో వడ్డించినా అనే మాటే, నాకూ అలవాటైపోయింది.

"మొహమాటపడకండి. కానివ్వండి."

కుర్చీ కిర్రుమంది. పాత కుర్చీ కదా అనుకున్నాను.

తినే సీన్లలో నటులు మింగరు. పది టేకులూ మింగితే మనిషన్నవాడు బతకడు. కెమెరా ఆగగానే నమిలిందంతా బల్ల కింది బకెట్‌లో ఉమ్మేస్తారు. పోయినావిడ మొగుడి వేషం వేసిన డెరిక్ అయితే మరీ దారుణం, జొల్లుతో సహా ముద్దలు ముద్దలుగా వదులుతాడు. ఆ బకెట్ పారబొయ్యడం కూడా నా నెత్తినే పడింది.

నాలుగు టేకుల తర్వాత ముక్కు మూసుకుని బకెట్ లాగాను. తేలిగ్గా వచ్చింది. లోపల ఏమీ లేదు. బకెట్ గోడలకు మాత్రం జిగురుగా, నాలుకతో నాకిన చారలు... అడుగు నుంచి అంచుదాకా.

ఎవరి కుక్కో దూరిందేమో అన్నాను. డెరిక్ నవ్వలేదు.

"గ్లెనిస్," అన్నాడు గుసగుసగా, "నేను ఉమ్ముతుంటే కింద పడ్డ చప్పుడు రావడం లేదు."

"మరి?"

"ఎవరో పట్టుకుంటున్నట్టుంది... నోటితో."

ఆటపట్టిస్తున్నాడనుకుందామంటే అప్పటికే కాళ్ళు రెండూ కుర్చీ మీదికి లాక్కున్నాడు. డైరెక్టర్ ఫియోనాకు చెబుదామనిపించింది. చెబితే షూటింగ్ ఆగుతుంది, రేపు ఈ ఇల్లు దొరకదు, అంతా గ్లెనిస్ పిచ్చివల్లే అంటారు. సిగ్గులేకుండా నోరు మూసుకున్నాను.

ఏడో టేక్‌లో కిటికీ పక్క కుర్చీలోని నటి భళుక్కున కక్కుకుని బయటికి పరిగెత్తింది. తన గడ్డం కింద తడి నోరేదో తెరుచుకుని ఉందట. వెనక్కి రానంటే రానంది. ఫియోనా గడియారం చూసుకుని, ఆ నటి కోటు నాకు తొడిగించింది. ఆ కుర్చీలో మనిషి పక్కనుంచి మసగ్గానే కనబడుతుందట, ఒక్క టేక్ చాలట. పన్ను నొప్పి, నమలలేనన్నాను.

"మీరు నమలక్కర్లేదు," అంది.

కూర్చున్నాను. ఆ నటి లేచి అరగంటయినా కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది.

కెమెరా తిరిగింది.

ముందు పిప్పరమెంటు వాసన. తర్వాత... నా ముందు ఎవరో వంగినట్టు. నేను ఫోర్కు ముట్టుకోలేదు. దవడ దానంతటదే కిందికి జారింది. నోట్లోకి ఏదో వచ్చింది. వెచ్చగా. మెత్తగా. హామే. కానీ నమిలేసి ఉంది. ఎవరి పళ్ళ కిందో నలిగి, ఎవరి జొల్లులోనో నానిన హామ్...

"అద్భుతం. అలాగే ఉండండి... ఉమ్మకండి," అంది చీకట్లోంచి ఫియోనా గొంతు.

మింగాను. ఒక పీచు గొంతుకు అడ్డంపడి నెమ్మదిగా జారింది. అంత రోత నా బతుకులో ఎరగను.

టేక్ అయ్యాక తెర మీద సరిచూసుకోవడం నా పని. చూశాను. నా రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. ఫోర్కు పెట్టినచోటే ఉంది. నా కింది పెదవి మీద మాత్రం ఒక చెంచా ఆనుకుని ఉంది, నల్లబడిన పాత చెంచా. బల్ల మీది సామాన్ల జాబితా రాసింది నేనే. అలాంటి చెంచా అందులో లేదు.

"అన్నీ సరిపోయాయా?" అని అడిగింది ఫియోనా. "ఏదైనా తేడా ఉంటే చెప్పండి, మిమ్మల్నే కూర్చోబెట్టి ఇంకొకటి తీద్దాం."

చెబితే మళ్ళీ ఆ కుర్చీ. చెప్పకపోతే రేపు దేశమంతా చూస్తుంది, ఈ పని కూడా పోతుంది. డెరిక్ నా మొహం వైపు చూసి తల తిప్పుకున్నాడు.

"సరిపోయాయి," అన్నాను.

ఇంటికొచ్చి నాలుగుసార్లు నోరు పుక్కిలించాను. కిటికీ బయట ఇంకా ఎండ ఉంది. సూపు వేడి చేసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. పన్ను సలుపుతోంది, కడుపు కాలుతోంది. చెంచా మరిచిపోయానని గుర్తొచ్చి లేవబోయాను.

వంటింట్లోంచి పిప్పరమెంటు వాసన వచ్చింది.

ఛీ... నా మీద నాకే అసహ్యం వేసింది. ఎందుకంటే నేను లేవలేదు. అప్పటికే నోరు తెరుచుకుని కూర్చున్నాను.