గోడకు చెప్పిన మాట

పాత కోటలో గుసగుసల మందిరమంటే పిల్లలకు ప్రాణం. గోడకు నోరు ఆనించి ఓ మాట గొణిగితే, గుమ్మటం దాన్ని భద్రంగా మోసుకెళ్లి ఎదుటి గోడ దగ్గర నిలబడ్డవాళ్ల చెవిలో వేస్తుంది. సెలవురోజున వచ్చే కుటుంబాలు ఫిరంగులను గబగబా చూసేసి ఇక్కడికే పరుగెత్తుకొస్తాయి.

అలాంటి మందిరంలో ఎత్తైన పరంజా కట్టించి, గుమ్మటానికి సున్నం పూత మొదలుపెట్టాడు మరమ్మతులు చేయించడానికి వచ్చిన ఇంజనీరు. ఆ రోజు నుంచీ గుమ్మటం మూగబోయింది.

మర్నాడే, వచ్చినవాళ్లకు కోట తిప్పి చూపించే గైడమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని పరంజా కింద ప్రత్యక్షమైంది. పైనున్న ఇంజనీరుకి జుట్టు నుంచి బూట్ల దాకా సున్నమే.

"సున్నంబాబు గారూ, కాస్త కిందికి దిగుతారా? నా గుసగుసలన్నీ మింగేసి కూర్చున్నారు."

ఇన్ని కర్రలూ గోనెపట్టాలూ అడ్డం ఉంటే శబ్దం అవతలికి వెళ్లదని అతను ఎంతో ఓపిగ్గా వివరించాడు. ఆమె అంతకంటే ఓపిగ్గా విని, అయితే ఆ గోడేదో మీరే అయిపోండి అంది.

అలా అతను గోడయ్యాడు. పిల్లలు అడిగిందాన్ని ఆమె గట్టిగా చెప్పడం, అతను గోనెపట్టా వెనక దాక్కుని బొంగురు గొంతుతో జవాబివ్వడం. ఏం తింటావని అడిగితే సున్నం అన్నాడు. నీకు పెళ్లయిందా అని ఓ పాప అడిగితే ఇంకా లేదన్నాడు.

"చెమ్మ పట్టిన గోడకి పిల్లనెవరిస్తారమ్మా?" అంది గైడమ్మాయి, పట్టా వైపే చూస్తూ.

ఆ రాత్రి భోజనం దగ్గర అతను ఆ మాటే తలచుకుని తలచుకుని నవ్వుకున్నాడు.

చూస్తుండగానే పని పూర్తయింది. పరంజా విప్పేశారు. రేపు పొద్దున్నే అతను ఇంకో ఊరి పనికి వెళ్లాలి. కొడుకు పనితనం చూస్తానని వాళ్లమ్మ వచ్చింది. నువ్వు చూపించక్కర్లేదు, అందరిలాగే టికెట్ కొనుక్కుని గైడుతోనే తిరుగుతానని పట్టుబట్టి బయల్దేరింది.

వాళ్లింకా ఫిరంగుల దగ్గరే ఉంటారు కదా అనుకుని అతను మందిరంలోకి వచ్చాడు. గైడమ్మాయికి ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు. ముందు ఒకసారి రిహార్సల్ వేసుకోవాలి. పూత ఇంకా పచ్చిగానే ఉంది, ఆరేదాకా గుమ్మటం పలకదని అందరికీ చెప్పింది అతనే. ఆ ధీమాతో గోడ వైపు తిరిగాడు.

"మీతో ఒక విషయం మాట్లాడాలి." ఛీ, సెలవు అడిగినట్టుంది. గొంతు సవరించుకున్నాడు. "నాకు రేపు వెళ్లాలని లేదు. మీరు వెక్కిరించని రోజు నాకు తిన్నది అరగదు. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

గోడ అచ్చం వాళ్లమ్మ గొంతుతో అడిగింది.

"అమ్మాయినడక్కుండా గోడనడుగుతావేంరా?"

గిరుక్కున తిరిగాడు. ఎప్పుడొచ్చారో ఏమో, అవతలి గోడ దగ్గర చేతిలో టికెట్‌తో వాళ్లమ్మ. పక్కనే గోడకు చెవులు అతికించుకుని వరసగా పిల్లలు. మధ్యలో, క్షణం ఆగకుండా మాట్లాడే గైడమ్మాయి, చున్నీతో నోరు మూసుకుని.

ఆమె చెంపలు ఎర్రబడి ఉన్నాయి. కోపమో ఏమో ఇంత దూరం నుంచి తెలియడం లేదు. ఆమె గోడ వైపు వంగింది. అతను గభాలున చెవి ఆనించాడు. పచ్చి సున్నం చెంపంతా అంటుకుంది.

"నాకు చెమ్మ గోడే ఇష్టం," అంది గోడ, ఈసారి ఆమె గొంతుతో. "కానీ మా నాన్నగారి దగ్గర ఇలా గొణక్కండి. ఆయనకి కాస్త చెవుడు."

"అలాగేనండీ," అన్నాడతను గోడతో, వినీ వినపడకుండా.

"గట్టిగా అనరా," అంది వాళ్లమ్మ, అవతల్నుంచి.