మంట దగ్గర రెండో చోటు

నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. కొలతల పుస్తకంలో నడుము ఇంత, చెయ్యి పొడుగు ఇంత, ఇవ్వాల్సింది శనివారం అని రాసుకోవడం తప్ప కలంతో నాకు పనిపడలేదు. ఇది రాద్దామని కూర్చుంటే "నేను" అన్న మాట దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. సిగ్గు ఎక్కువ మనిషిని. అందుకని "ఆమె" అని రాస్తాను. టైలరమ్మ అని రాస్తాను. నా కూతురు నన్ను అలాగే పిలిచేది.

టైలరమ్మది మందుల షాపు పక్క సందులో రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కుట్టుమిషను, నిలువుటద్దం, కుట్టాల్సిన గుడ్డల మూటలు. వెనకగదిలో మంచం, పొయ్యి, గోడకు టీవీ. మొగుడు పోయి పన్నెండేళ్ళు. మిగిలింది పాతికేళ్ళ కూతురు ఒక్కతే. స్కూటర్ మీద ఇంటింటికీ పార్సిళ్ళు ఇచ్చే పని ఆ పిల్లది. తల్లి నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటంతా కూతురు తీర్చేది.

"టీచర్‌ని టీచరమ్మా అంటారు, డాక్టర్‌ని డాక్టరమ్మా అంటారు. నువ్వేం తక్కువ తిన్నావే టైలరమ్మా?" అనేది.

"ఒక్కసారన్నా అమ్మా అని పిలవచ్చుగా."

"అది లోకంలో అందరూ పిలిచేదే. నాకంటూ ఒకటి ఉండొద్దా?"

ఆ పిల్లకు పుట్టుకతోనే ఎడమ భుజం అర అంగుళం కిందికి. ఎవరికీ తెలియదు. తెలియకుండా ప్రతి చొక్కాకూ ఎడమ భుజం లోపల గుడ్డ మడిచి చిన్న ప్యాడ్ కుట్టేది తల్లి. కుట్టుపని చేసేవాళ్ళు మనుషుల్ని మొహం చూసి కాదు, వీపు చూసి గుర్తుపడతారు. బజార్లో వందమంది వెనక్కి తిరిగి నిలబడినా టైలరమ్మ కూతుర్ని ఇట్టే పట్టుకోగలదు.

ఆదివారాలు కూతురు టీవీలో ఒక ఆట ఆడేది. చంపుకోవడాలు, కాల్చుకోవడాలు లేవు అందులో. ఒక పెద్ద దేశం. కొండలు, కూలిన గోడలు, మోకాలెత్తు గడ్డి, ఎక్కడో సముద్రం. చేతిలో లాంతరు పట్టుకున్న ఒక మనిషి. ఎటు కావాలంటే అటు నడవడమే. నడిచినంత మేర మ్యాపులో దారి గీత పడుతుంది. నడవని చోటు తెల్లగా ఉంటుంది. రెండేళ్ళు తిరిగినా ఇంకా సగం తెల్లగానే ఉంది.

"ఇందులో మనుషులు లేరా?" అని అడిగింది టైలరమ్మ మొదటిసారి.

"లేరు. నీలాంటివాళ్ళ కోసమే చేశారు."

నవ్వులాటకే అన్నా అది నిజం. పదిమందిలో నిలబడలేని మనిషికి ఎవరూ లేని దేశం దొరికింది. ఏ కొండ దగ్గరైనా ఆగి, గాలికి గడ్డి వంగడం ఎంతసేపు చూసినా, పక్కకు జరగమ్మా అనేవాళ్ళు లేరు. కూతురే రిమోట్ చేతికిచ్చి నేర్పింది. మిషను పెడల్ లాంటిదే, మెల్లగా నొక్కితే మెల్లగా పోతావు అంది. ఒకటే నియమం. ఆటలో చీకటి పడేలోపు, లాంతర్లో నూనె అయ్యేలోపు, మంట దగ్గరికి చేరాలి. మంట పక్కన దుంగ మీద కూర్చుంటే తెల్లవారుతుంది, అప్పటిదాకా నడిచింది ఆట దాచుకుంటుంది. దారిలోనే నూనె అయిపోతే ఆ రోజు నడిచిందంతా పోతుంది. దుంగ మీద ఇద్దరికి చోటుంది. రెండో చోటు రెండేళ్ళుగా ఖాళీ.

"అది నీకే ఉంచాను టైలరమ్మా," అనేది కూతురు. ఆకలేస్తే ఆటలో లాంతరు మూడుసార్లు పైకెత్తి ఆపేది. పొయ్యి దగ్గర తల్లి అది చూసి కంచం కడిగేది.

అలాంటి పిల్ల ఒక వానరోజు లారీ కింద పడబోయి పక్కకు పడింది. తలకు దెబ్బ. ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. మనిషి ఊపిరి పీలుస్తోంది, కళ్ళు తెరవడం లేదు. ఆసుపత్రిలో ఐసీయూ అన్నారు. పొద్దున గంట, సాయంత్రం గంట మాత్రమే చూడనిచ్చేవాళ్ళు.

"ఊరికే నిలబడకండమ్మా, మాట్లాడండి. తనకిష్టమైన సంగతులు చెప్పండి. వినబడుతుందంటారు," అంది అక్కడి నర్సు.

ఏం చెప్పాలి? చుట్టూ ఆరు మంచాలు, అందరూ వింటారు. టైలరమ్మ మొదటి వారం నీళ్ళు నమిలింది. ఆ తర్వాత ఒక ఆలోచన వచ్చింది. మధ్యాహ్నాలు మిషను మూసేసి కూతురి ఆట ఆడేది. సాయంత్రం వెళ్ళి చెవి దగ్గర వంగి చెప్పేది. "ఇవాళ వంతెన దాటాను. నువ్వు భయపడ్డ వంతెనే. అవతల పచ్చపూలున్నాయి."

పచ్చపూలు అన్నప్పుడు కూతురి చూపుడువేలు కదిలింది. నర్సు కూడా చూసింది. డాక్టరు మాత్రం అలా కదులుతుంటాయి, ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. మునిగేవాళ్ళకు గడ్డిపోచ చాలు. టైలరమ్మ అన్నం మాని ఆడింది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం, మ్యాపులో తెల్లగా ఉన్న వైపు ఎదురుకొండ మీద ఆమెకు ఒక లాంతరు కనబడింది.

ఆ ఆటలో ఇంకో మనిషి లేడు. ఉండడు. కానీ కొండ మీద ఎవరో వెనక్కి తిరిగి నిలబడి ఉన్నారు. ఎడమ భుజం కొంచెం కిందికి... అర అంగుళం.

లాంతరు మూడుసార్లు లేచింది. ఆగింది.

సాయంత్రం ఆ మాట చెవిలో చెప్పింది. "నిన్ను చూశానే." మంచం పక్క మానిటర్ మీద ఆకుపచ్చ గీత ఎగిరింది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి డాక్టరు మొహం మారిపోయి ఉంది. పొద్దుటినుంచి ఊపిరి తగ్గుతోందన్నాడు. "ఈ రాత్రి గడవాలి. మీవాళ్ళు ఎవరైనా ఉంటే కబురు పెట్టుకోండి."

"నాకెవరూ లేరు డాక్టరుగారూ."

లోపల ఉండనివ్వరు, వరండాలో కూర్చోమన్నారు. కూర్చుంటే ఏమొస్తుంది? ఆ పిల్ల ఇక్కడ లేదు. ఎక్కడుందో ఆమెకు తెలుసు. వానలో తడుస్తూ ఇంటికి నడిచింది. దీపం కూడా వేయకుండా టీవీ పెట్టి, రిమోట్ అందుకుని మంచం అంచున కూర్చుంది.

పెట్టగానే తెల్లవారి ఉండాల్సిన ఆటలో ఈసారి సాయంకాలం. లాంతరు నిండా నూనె ఉంది. మంట నుంచి ఆ కొండకు చాలా దూరం. వంతెన, పచ్చపూలు, కూలిన గోడ. ఆ తర్వాత మ్యాపులో అంతా తెలుపే. బయట వాన, ఆటలో గాలి. కొండెక్కేసరికి ఆటలో పూర్తిగా చీకటి పడింది. నూనె సగానికి వచ్చింది.

అక్కడే ఉంది. అలాగే వెనక్కి తిరిగి.

"రా," అంది టైలరమ్మ, టీవీకి వినబడుతుందన్నట్టు. "పోదాం రా."

ఆ మనిషి తిరగలేదు. కదల్లేదు. టైలరమ్మ నాలుగడుగులు వెనక్కి నడిచింది. తన అడుగుల వెనక ఇంకో అడుగుల చప్పుడు మొదలైంది. ప్రాణం లేచొచ్చినట్టయింది. చూద్దామని తిరిగితే ఎవరూ లేరు. గడ్డి మాత్రం ఊగుతోంది. ముందుకు నడిస్తే మళ్ళీ అడుగులు. రెండుమూడుసార్లు తిరిగి చూశాక అర్థమైంది, తిరిగిన ప్రతిసారీ నూనె తగ్గిపోతోంది. ఇక తిరగకూడదనుకుంది.

గోడ దాటింది. పచ్చపూల దగ్గరికి వచ్చింది. పగలు పచ్చగా ఉండేవి ఇప్పుడు బూడిదరంగులో ఉన్నాయి. గదిలో ఏదో వాసన. ఆసుపత్రిలో నేల తుడిచే మందు వాసన. చీరకు అంటుకొచ్చిందేమో అనుకుంది. చీర వాసన చూసుకుంది. తడి వాసనే.

వంతెన మీద చెక్కల చప్పుడు. టక్... టక్... ఆమె అడుగులు. వెనక కూతురి అడుగులు. టక్... టక్...

ఆ వెనక మరో జత.

ఆగింది. అన్నీ ఆగాయి. నడిచింది. తనవి. తన వెనకవి. వాటి పక్కనే, కొంచెం ఆలస్యంగా, ఇంకొకరివి.

నూనె గోరంత ఉంది. మంట కనబడుతోంది. ఎర్రగా, చిన్నగా, పిడికిలంత.

"అమ్మా."

టీవీలోంచి రాలేదు ఆ మాట. ఆమె కూర్చున్న మంచం వెనకనుంచి వచ్చింది. మెల్లగా. చెవి దగ్గరే.

"అమ్మా... తొందరగా..."

తిరగలేదు. తిరగలేకపోయింది. ఆ గొంతు కూతురిదే. ఇరవయ్యొక్క రోజులుగా ఏ గొంతు కోసం చచ్చి బతుకుతోందో అదే గొంతు. కానీ ఆ మాట...

టీవీలో ఒక మూలగా, వంతెన అవతలి గట్టున, ఒక లాంతరు లేచింది. మూడుసార్లు. ఆగింది.

వెనక్కి పోవాలా? పోతే నూనె చాలదు. చాలకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. మళ్ళీ ఆ కొండ దాకా నడవడానికి ఈ రాత్రి ఆగుతుందా? డాక్టరు మాట చెవుల్లో మోగుతోంది. వెనక అడుగులు ఆమె అడుగులకు దాదాపు తగులుతున్నాయి. ఎవరో ఒకరు వస్తున్నారుగా... నా పిల్లే అయ్యుంటుంది... నా పిల్లే...

లాంతరు మళ్ళీ లేచింది. ఈసారి తొందరగా. మూడుసార్లు. మూడుసార్లు. మూడుసార్లు.

టైలరమ్మ మంట దగ్గరికి నడిచి కూర్చుంది.

దుంగ మీద రెండో చోట ఇంకొకరు కూర్చున్నారు. టీవీలో రెండు వీపులు, ఎదురుగా మంట. చూద్దామనుకుంది. వీపు చూస్తే చాలు తనకు. భుజాలు చూస్తే చాలు. చూసేలోపే టీవీ మసకబారి, ఆట దాచుకుంటోంది అన్న గుర్తు తిరగడం మొదలైంది.

ఫోను మోగింది. ఎనిమిదిన్నర.

"అమ్మా, నేను ఐసీయూ నర్సుని. మీ అమ్మాయి కళ్ళు తెరిచింది. మిమ్మల్ని పిలుస్తోంది. రండి."

కాళ్ళకు చెప్పుల్లేకుండా పరుగెత్తింది. లోపలికి వెళ్ళనిచ్చారు. మంచం మీద పిల్ల దిండుకు ఆనుకుని ఉంది. మొహం పాలిపోయినా చూపు నిలకడగా ఉంది. డాక్టరు ఏవో ప్రశ్నలు అడుగుతుంటే సరిగ్గానే చెబుతోంది. తన వయసు, ఇంటి సందు, స్కూటర్ రంగు. తల్లిని చూసి చెయ్యి చాపింది.

"అమ్మా," అంది.

నర్సు కళ్ళు తుడుచుకుంది. "ఇందాకటినుంచి అదే మాటమ్మా. అమ్మ, అమ్మ అని ఒకటే కలవరింత. అదృష్టవంతులు మీరు."

టైలరమ్మ కూతుర్ని గుండెకు హత్తుకుంది. ఏడ్చింది. ఏడుస్తూనే చేతులు వాటంతటవే భుజాల మీదికి వెళ్ళాయి. ముప్పై ఏళ్ళ అలవాటు. టేపు అక్కర్లేదు ఆ చేతులకు.

రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి.

డాక్టరును భుజం సంగతి అడిగింది. "ఎముక అతుక్కునేటప్పుడు అటూ ఇటూ అవుతుందమ్మా," అన్నాడాయన. "ఇంత మంచి జరిగితే దాని గురించా ఆలోచిస్తారు?" నిజమే. అవుతుందేమో. ఎముకల సంగతి ఐదో తరగతి మనిషికి ఏం తెలుసు?

నర్సు అటు వెళ్ళగానే పిల్ల దగ్గరికి రమ్మని సైగ చేసింది. టైలరమ్మ ఎప్పటిలాగే చెవి దగ్గర వంగింది. ఈసారి మాట్లాడింది తను కాదు.

"అమ్మా, టీవీ ఆపేశావా?"

"లేదు."

"ఆపెయ్యి."

"ఎందుకే?"

పిల్ల నవ్వింది. తల్లి చేతిని గట్టిగా పట్టుకుంది. వదల్లేదు.

రాత్రంతా వరండాలో బెంచీ మీద కూర్చుంది టైలరమ్మ. పొద్దున్నే నర్సు వచ్చి, రేపో మాపో వేరే గదికి మారుస్తారు, వదులుగా ఉండే చొక్కా ఒకటి తీసుకురండి అంది.

ఇంటికి వచ్చింది. వాన వెలిసింది. కిటికీలోంచి ఎండ నేరుగా మంచం మీద పడుతోంది. టీవీ వెలుగుతూనే ఉంది. ఆటలోనూ తెల్లవారింది. మంట ఆరిపోయి, దుంగ మీద ఆమె మనిషి ఒక్కతే కూర్చుని ఉంది. రెండో చోటు ఖాళీ.

వంతెన అవతల, పట్టపగలు, ఎండలో, ఒక లాంతరు మూడుసార్లు లేచింది. ఆగింది.

టైలరమ్మ బీరువా తెరిచింది. కూతురి చొక్కాలు పదకొండు. నీలంరంగు చొక్కా ఒకటి తీసి మిషను దగ్గర కూర్చుని, ఎడమ భుజం లోపలి కుట్టు ఒక్కొక్క పోగే విప్పి, ప్యాడ్ బయటికి తీసింది. మళ్ళీ సాఫీగా కుట్టి, మడిచి, ఆసుపత్రి సంచిలో పెట్టుకుంది. మిగతా పది చొక్కాలనూ ముట్టుకోలేదు.

పొయ్యి వెలిగించి అన్నం వండింది. కంచం కడిగి, వడ్డించి, టీవీ ముందు పెట్టింది. సంచి తీసుకుని తలుపు తాళం వేసింది.

టీవీ ఆపలేదు.

సాయంత్రం తిరిగి వచ్చి చూస్తే కంచం ఖాళీగా ఉంది. చుట్టూ నేలంతా ఆసుపత్రి మందు వాసన. కంచం అంచున ఒక్క గడ్డిపరక, ఇంకా తడిగా.